పన్నెండో కుర్చీ

హోషేయ మేస్టారు వారం నుంచి నేల మీద కాలు పెట్టటం లేదంట.

ఈ మాట మా ఇంటికి నేరుగా రాలేదు. మా పక్కింటి సువార్తమ్మ మిరపకోతల దగ్గర ఎవరితోనో అంటే, వాళ్లు మా ఆవిడతో అంటే, మా ఆవిడ అన్నం వడ్డిస్తూ నాతో అంది. "మంచం దిగాలంటే కింద దుప్పటి పరవాలంట. దొడ్లోకి పోవాలన్నా మేజోళ్లు తొడుక్కోవాలంట. పాదాలకి వెన్న పూసి, అరిటాకు చుట్టి, దారంతో కట్టుకుని పడుకుంటున్నాడంట. సువార్తమ్మ దగ్గర ఆయన భార్యది ఒకటే ఏడుపంట. పెళ్లయిన కాడ్నుంచి నా మొహానికి పౌడరు డబ్బా కొనని మనిషి, తన కాళ్లకి ఇంట్లో వెన్నంతా ఊడ్చేస్తున్నాడమ్మా అని."

సువార్తమ్మ చెప్పేదాంట్లో సగం తీసెయ్యాలని మా పాలెంలో అందరికీ తెలుసు. ఏ సగమో తెలియకే ఇబ్బంది. నేను అరిటాకు తీసేసి మిగతాది నమ్మాను. ఆ సాయంత్రమే మేస్టారు గుడికి వస్తూ కనబడ్డారు. అల్లుడి బండి వెనక పక్కకు తిరిగి కూర్చుని, రెండు కాళ్లూ గాల్లోకి చాపుకుని వస్తున్నారు. కాళ్లకి ఖాళీ ఎరువుల సంచీ తొడిగి ఉంది. సంచీ అంచులోంచి పచ్చగా అరిటాకు తొంగి చూస్తోంది.

మేస్టారికి పిచ్చేమీ పట్టలేదు. ఆయన పాదాలు ఎంపికయ్యాయి. అంతే.

ఆ ఏడాదిని మా చుట్టుపక్కల చర్చిలన్నిటినీ ఏలే డయోసిస్ వాళ్లు 'శిష్యత్వ సంవత్సరం'గా ప్రకటించారు. దానికి ముందు ఏడాది 'పచ్చదన సంవత్సరం'. అప్పుడు గుడి చుట్టూ నాటిన మొక్కల్ని మా పాలెం మేకలు ఆ ఏడాది పూర్తవకముందే ముగించాయి. శిష్యత్వాన్ని మేకలు తినవు కాబట్టి ఈసారి నిలబడుతుందని అందరం అనుకున్నాం.

శిష్యత్వ వికాస విభాగం సంచాలకుల వారు స్వయంగా కారులో వచ్చి, గుళ్లో మైకు పట్టుకుని, ఈ సంవత్సరం ఎందుకు అవసరమైందో వివరించారు.

"ప్రియ సహోదరీ సహోదరులారా! ఇన్నాళ్లూ మన దగ్గర శిష్యత్వం అసంఘటిత రంగంలో ఉండిపోయింది. ఎవరికి తోచిన రీతిలో వారు ప్రభువును వెంబడిస్తూ బతికేశారు. ఒక ప్రమాణం లేదు, ఒక పర్యవేక్షణ లేదు. తత్ఫలితంగా, మన డయోసిస్‌లో శిష్యులు ఎంతమంది అని మొన్నటి మహాసభలో ప్రశ్న ఉత్పన్నమైతే, సమాధానం చెప్పలేని దుస్థితి ఏర్పడింది."

మా పాస్టరు అయ్యగారు మెత్తని మనిషి. "విశ్వాసులు ఎంతమందో మన దగ్గర ఉంది గదండీ" అన్నారు.

"విశ్వాసులు వేరు, శిష్యులు వేరు అయ్యగారూ. విశ్వాసం లోపల ఉంటుంది, దాన్ని మనం తనిఖీ చెయ్యలేం. శిష్యత్వం బయట ఉండాలి, బయట ఉన్నదాన్ని కొలవాలి. కొలవని శిష్యత్వం జరగనట్టే లెక్క."

ఆ తర్వాత రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలన్నీ పొద్దు పొడవకముందే గుళ్లో శిష్యత్వ తరగతి జరుగుతుంది. హాజరు చాలనివాళ్లు శుభ శుక్రవారం ముందు రోజు, అంటే గురువారం సాయంత్రం, ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. వాళ్లకి రొట్టె లేదు, ద్రాక్షరసం గిన్నె లేదు. రెండోది, ఆ గురువారమే ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగాడు కాబట్టి, దానికి గుర్తుగా బిషప్పు గారు ఒక పల్లెకు వచ్చి పన్నెండుమంది 'ఆదర్శ శిష్యుల' కాళ్లు కడుగుతారు. ఆ పల్లెగా మా పాలెం ఎంపికైంది. మా గుడి ముందు వరకూ తారు రోడ్డు ఉండటం అందుకు ముఖ్య కారణం.

రెండో ఉత్తర్వుతో పాలెమంతా పండగ చేసుకుంది. మొదటి ఉత్తర్వు సువార్తమ్మ నెత్తిన పడింది.

సువార్తమ్మకీ ఇస్సాకు తాతకీ చుట్టరికం లేదు. ఉన్నదల్లా ఒక మునగచెట్టు. చెట్టు ఇస్సాకు దొడ్లో ఉంది, కొమ్మలు సువార్తమ్మ దొడ్లో ఉన్నాయి. ఆ కొమ్మలకు పట్టే గొంగళిపురుగులు ఎవరివన్న విషయం మీద వాళ్లిద్దరూ నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఇస్సాకు ఒకప్పుడు మా గుడి గంట కొట్టేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. షుగరు జబ్బు వచ్చి ఎడమ మడమ పుండు పడింది. గుళ్లో వాసన వస్తోందని ఎవరో ముక్కు మూసుకుంటే, ఎవరూ పొమ్మనకముందే లేచి, గేటు పక్క అరుగు మీదికి మారిపోయాడు. అక్కడి నుంచే పాటలు పాడతాడు, అక్కడి నుంచే ఆమేన్ అంటాడు.

పోయిన వానాకాలం గాలికి మునగకొమ్మ విరిగి సువార్తమ్మ స్నానాల దడి మీద పడింది. ఈసారి సంగతేదో తేల్చేస్తానని కొంగు బిగించి ఆమె ఇస్సాకు ఇంట్లోకి పోయింది. నోరు తెరిచి రెండు తిట్లు తిట్టాక, ఆయన కాలి మీద ముసిరిన ఈగలు కనబడ్డాయి. తిట్టటం ఆపకుండానే పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టింది. ఆనాటి నుంచి రోజూ అదే వరస. పొద్దున్నే వేపాకు వేసి నీళ్లు కాస్తుంది, చల్లార్చి పుండు కడుగుతుంది, సర్కారు దవాఖానా నర్సమ్మ చూపించినట్టు మందు పెట్టి కట్టు కడుతుంది. అది పూర్తయ్యేసరికి మిరపకోతలకు తీసుకుపోయే ఆటో వచ్చి హారను కొడుతుంది. చేతులకు ఉన్న పని నోటికి అడ్డు రాదు గనక ఆ సంభాషణంతా రోజూ మా గోడ ఇవతలికి వినబడుతుంది.

"కదలమాక సచ్చినోడా! కాలు బదులు నీ నోరు పుండు పడుంటే ఊరన్నా సుఖపడేది."

"మెల్లగానే ఒసే! పుండు కడుగుతున్నావా, అంట్లు తోముతున్నావా?"

"గొంగళ్లు నీయేనని ఒప్పుకో. మెల్లగా కడుగుతా."

"చస్తే ఒప్పుకోను. అయ్యి నీ పక్క కొమ్మకే పుడతన్నాయి. నా పక్క ఒక్కటి చూపించు."

"నీ పక్క ఎట్టా పుడతాయి? నిన్ను చూసి అయ్యి కూడా జడుసుకుంటన్నాయి."

ఈ గొడవ జరిగే వేళకే గుళ్లో శిష్యత్వ తరగతి జరుగుతుంది. సువార్తమ్మ ఒక సాయంత్రం గుడి వరండాలో మేస్టారిని పట్టుకుంది. హోషేయ మేస్టారు హెడ్మాస్టరుగా రిటైరై మా గుడి సంఘానికి కార్యదర్శి అయ్యారు. బడిలో ఉన్న రోజుల్లో మాట్లాడని భాష అంతా అప్పుడే మొదలైంది.

"మేస్టారయ్యా, పొద్దున తరగతి నాకు పడటం లేదు. సాయంత్రం పెట్టండి, లేదంటే నన్ను వొదిలెయ్యండి."

"తరగతి వేళ డయోసిస్ స్థాయిలో ఖరారైనదమ్మా. స్థానికంగా సవరించే అధికారం మాకు సంక్రమించలేదు. అయితే మినహాయింపులున్నాయి. అనారోగ్యం, ప్రయాణం, మరణం. నీది ఏది?"

"కాలండి."

"అనారోగ్యం కిందకి వస్తుంది. ఏ కాలు?"

"నాది కాదండి. ఇస్సాకుది. పుండు కడగాల గదా."

మేస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "సొంత కాలైతే అనారోగ్యం. ఎదుటివాడి కాలు వ్యక్తిగత వ్యవహారం. పోనీ ఆయన నీకు బంధువా?"

"కాదండి. మాకు పడదు."

"పడని మనిషి కాలా!" మేస్టారు నిజంగానే ఇబ్బంది పడ్డారు. "దానికసలు నిబంధనే లేదమ్మా."

"మరి ఇస్సాకు కూడా తరగతికి రావటం లేదుగా? ఆయన రొట్టె కూడా పోద్దా?"

"ఆయనకి పుండు ఉంది గనక అనారోగ్యం కింద మినహాయింపు వచ్చేసింది. ఆయన శిష్యుడే. ఎటొచ్చీ పుండు లేకపోవటం వల్ల నీకే చిక్కు వచ్చిపడింది."

ఆ మాట విన్న సువార్తమ్మ ఒక పూట కట్టు తొందరగా ముగించి, తరగతికి పరుగెత్తింది. ఆ రోజు పాఠం 'పరిచర్య'. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం ఎక్కేసరికి పాఠం పూర్తయి ఆశీర్వాదం జరుగుతోంది. పరిచర్య అయిపోయాక వచ్చినందువల్ల ఆమెను రానట్టే పరిగణించారు. ఆటో కూడా తప్పిపోయి ఆ రోజు కూలి పోయింది.

ఆ సాయంత్రం ఆమె మా అరుగు మీదికి వచ్చింది. నన్ను ఈ కార్యక్రమం కమిటీలో వేశారని ఆమెకి తెలుసు. డిగ్రీ చదివినవాడు ఒకడుండాలని వేశారు.

"తమ్ముడూ, నా రొట్టె పోయినట్టేనా?"

"చూద్దాం అక్కా" అన్నాను. కమిటీలో చేరగానే ఎవరికైనా మొదట వచ్చే మాట అదే.

"నీకు తెలవదురా. నా చిన్నతనంలో ఈ ఊరి హోటల్లో మనకి గ్లాసు చూర్లో దోపి ఉండేది. తీసుకుని తాగి, కడిగి మళ్లీ చూర్లోనే పెట్టాల. గుళ్లో ఆ గిన్నె ఒక్కటే, ఇంకొకరు పట్టుకుని నా నోటికి అందించి తాగమ్మా అన్నది. మా అమ్మ చెయ్యి పట్టుకుని మొదటిసారి పోయినప్పుడు నాకు వొణుకొచ్చింది. ఆ గురువారం నేనెప్పుడూ పోగొట్టుకోలా. మా ఆయన పోయిన ఏడు కూడా మానలా."

ఆమె కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి, "అన్నట్టు మేస్టారు ఇయ్యాల వెన్న చాలక మీగడ కూడా పట్టించాడంట" అంది.

నేను పడ్డది పాద పరిశీలన ఉపసంఘంలో. బిషప్పు గారు కడగదగిన పాదం ఎలా ఉండాలో డయోసిస్ నుంచి నియమాలు వచ్చాయి. పగుళ్లు ఉండరాదు. ఆనెలు ఉండరాదు. గోళ్లు నలుపెక్కి ఉండరాదు. కార్యక్రమాన్ని వీడియో తీసి పై సభల్లో ప్రదర్శించబోతున్నందువల్ల పాదం 'కెమెరాకు అనుకూలమై' ఉండాలి. ఉపసంఘం గుడి వరండాలో కూర్చుంటే, సంఘమంతా వరసలో వచ్చి గోనెపట్టా మీద కాళ్లు పెట్టి పోయారు.

మిరపకోతలకు పోయే ఆడవాళ్లు అందరూ తప్పారు. మాగాణిలో దిగేవాళ్లు, తాపీ పనివాళ్లు, చేపలకు పోయేవాళ్లు తప్పారు. ఎండలో నడిచిన కాలు ఒక్కటీ నెగ్గలేదు. నెగ్గినవన్నీ బూట్లలో పెరిగిన కాళ్లు. ఒక బ్యాంకు గుమాస్తా, రైసుమిల్లు యజమాని, ఇద్దరు టీచర్లు, ఇన్సూరెన్సు ఏజెంటు, ఇలా. మేస్టారి పాదాలైతే సంచాలకుల వారు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి చూసి, "ఇవీ శిష్యుడి పాదాలంటే" అన్నారు. మేస్టారు అప్పటినుంచీ నేలకు దిగలేదు.

ఆ గురువారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు రిహార్సల్ పెట్టారు. బిషప్పు గారి బదులు సంచాలకుల వారే తుండు కట్టుకుని, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసుకుని, మేస్టారి కాళ్లు కడిగారు. కెమెరా అతను తీసింది మాకు చూపించాడు. పళ్లెంలో నీళ్లు ఎలా పోసినవి అలాగే ఉన్నాయి.

సంచాలకుల వారు నుదురు చిట్లించారు. "ఇందులో బిషప్పు గారి వినయం కనబడటం లేదే. శుభ్రమైన కాలుని శుభ్రమైన నీళ్లతో కడిగితే చూసేవాడికి ఏమి అర్థమవుతుంది?"

"పొలం నుంచి వచ్చిన కాళ్లు ఎన్నైనా ఉన్నాయండి బయట" అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

"అవి నియమాల్లో ఇమడవు. మనకి కావలసింది మురికి కాలు కాదయ్యగారూ, మురికి పూసిన శుభ్రమైన కాలు. నియమిత పరిమాణంలో ధూళి ఉండాలి. ఆ ధూళికి ఒక హోదా ఉండాలి."

హోదా గల ధూళి మేస్టారి ఇంట్లోనే దొరికింది. ఆయన బావమరిది పరిశుద్ధ స్థలాల యాత్రకు పోయినప్పుడు సీసాలో తెచ్చిన మట్టి షోకేసులో ఉంది. అంతమంది కాళ్లకు అది చాలదు గనక, మా ఏటిగట్టు ఇసక జల్లెడ పట్టి, నీళ్లలో ఉడకబెట్టి, ఎండబెట్టి, అందులో కలిపారు. ఒక్కో పాదానికి ఒక టీ చెంచా. పొయ్యటానికి ప్రత్యేకంగా ఒక డీకన్ని, అంటే గుడి పరిచారకుణ్ణి, నియమించారు. మా ఉపసంఘం పేరు 'పాద పరిశీలన మరియు ధూళి నిర్వహణ ఉపసంఘం'గా మారింది.

ఇక కుర్చీలు. చూసేవాళ్లకు తెలియాలని ఒక్కో కుర్చీ వెనక ప్రభువు శిష్యుల్లో ఒక్కొక్కరి పేరు అతికించారు. పేతురు కుర్చీ కోసం కొంత ఘర్షణ జరిగి చివరికి సీనియారిటీ మీద మేస్టారికి దక్కింది. యోహాను కుర్చీ రైసుమిల్లు ఆయన తీసుకున్నాడు, కుర్చీలు ఆయనవే గనక. అనుమానించిన తోమాని కూడా ఇన్సూరెన్సు ఏజెంటు సర్దుకున్నాడు. పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండో కుర్చీ దగ్గరికొచ్చేసరికి అందరూ గోడల కేసి చూడటం మొదలుపెట్టారు. అది యూదాది. ప్రభువును పట్టిచ్చినవాడిది.

"ఆయన యూదా కాళ్లు కూడా కడిగాడండి" అని అయ్యగారు గుర్తుచేశారు. "అసలు సంగతంతా అక్కడే ఉంది."

సంగతి అక్కడే ఉండవచ్చు గానీ మనిషి ఎవరూ లేరు. కుర్చీ దక్కకుండా మిగిలిన బ్యాంకు గుమాస్తాని అడిగితే, "మా ఆవిడ తరపువాళ్లు వీడియో చూస్తారండీ" అన్నాడు. పేరు తీసేసి ఉత్త 'పన్నెండో కుర్చీ' అని అతికించారు. అయినా లెక్కపెట్టటం వచ్చినవాళ్లు ఎవరూ ముందుకు రాలేదు. పదకొండుతో సరిపెడదామంటే పన్నెండు డయోసిస్ లక్ష్యమని సంచాలకుల వారు ఒప్పుకోలేదు. చెప్పుల కొట్లో అద్దాల వెనక పెట్టే ప్లాస్టిక్ కాలు ఒకటి తెద్దామని ఇన్సూరెన్సు ఏజెంటు సూచించాడు. దానిమీద చర్చ కాసేపు గంభీరంగానే జరిగింది. ప్లాస్టిక్ కాలికి బాప్తిస్మం లేదన్న కారణంతో వీగిపోయింది.

అప్పుడు గేటు దగ్గర్నుంచి ఇస్సాకు గొంతు వినబడింది. "కుర్చీ లోపలేనా అయ్యగారూ?"

"లోపలే తాతా. బల్ల ముందర."

"అట్టయితే నేను కూచుంటా. పేరు ఎవురిదైతే నాకేంది? గంట కొట్టినోడ్ని, లోపల కూచుని ఎన్నాళ్లయింది."

సంచాలకుల వారు నన్ను పక్కకి పిలిచి పుండు సంగతి అడిగారు. చెప్పాను. ఆయన లోతుగా ఆలోచించి, కట్టు విప్పకుండా, కట్టు మీద ప్లాస్టిక్ సంచీ తొడిగి, సంచీ మీద నీళ్లు పొయ్యవచ్చునని నిర్ణయించారు. ఆ పన్నెండుమందిలో నిజంగా కడగవలసిన కాలు అదొక్కటే. దానికి మాత్రం చుక్క నీరు తగలకుండా కట్టుదిట్టం చేశాం.

"ఒకటే అడుగుతా" అన్నాడు ఇస్సాకు. "సువార్తకి రొట్టె పెట్టాల."

"మీ విజ్ఞప్తి సానుకూల పరిశీలనలో ఉంటుంది" అన్నారు సంచాలకుల వారు.

ఇస్సాకు నా కేసి తిరిగాడు. "అంటే ఏందయ్యా?"

"ఇవ్వరని తాతా. కాకపోతే మర్యాదగా."

"సరే. ఆ పెద్దాయన నా కాళ్ల దగ్గర కూచుంటాడుగా. అప్పుడు ఆయన్నే అడుగుతా."

గురువారం సాయంత్రం గుడి కిటకిటలాడింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, గిన్నె ఉన్నాయి. ముందు కాళ్లు కడగటం, తర్వాత రొట్టె. హాజరు చాలనివాళ్ల కోసం అన్నిటికన్నా వెనక విడిగా ఒక బెంచీ వేశారు. దాని మీద ఒక మేకల కాపరి, చంటిబిడ్డతో ఒక బాలింత, ఉతికిన తెల్లచీర కట్టుకుని సువార్తమ్మ కూర్చున్నారు.

బిషప్పు గారు వచ్చారు. పెద్ద వయసు, బరువైన మనిషి. మోకాళ్ల నొప్పులు. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇద్దరు పట్టుకుని లేపి, కూర్చోబెట్టి, మెత్త జరుపుతున్నారు. ధూళి డీకను ముందు పోతూ చెంచాతో పోస్తున్నాడు, వెనక బిషప్పు గారు కడుగుతున్నారు. పేతురు కుర్చీ దగ్గర కొంచెం అంతరాయం కలిగింది. వారం రోజుల వెన్న మీద ధూళి నిలవలేదు, జారి పళ్లెంలో పడింది. బిషప్పు గారు పాదం పట్టుకోబోతే అది కొరమీను లాగా చేతుల్లోంచి జారి ఆయన గడ్డానికి తగిలింది. కెమెరా అతను మళ్లీ తియ్యమంటారా అని అడిగాడు. మళ్లీ తీశారు.

పన్నెండో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆయన అలిసిపోయారు. సంచీ తొడిగిన కాలు చూసి ఆగారు.

"ఇదేమిటి?"

"రక్షణ కవచమండి" అన్నారు సంచాలకుల వారు.

"చెమట పడతందయ్యా, తీసెయ్యండి" అన్నాడు ఇస్సాకు.

బిషప్పు గారే సంచీ లాగేశారు. లోపల మల్లెపువ్వు లాంటి కట్టు. ఆయన దాన్ని వేలితో తాకి చూశారు. "పుండా? ఇంత శుభ్రంగా ఎవరు కట్టారు?"

"అదిగో, ఆ వెనక బెంచీ మీద ఉన్నామె. పెద్ద గయ్యాళి. మాకిద్దరికీ పడదు. రోజూ పొద్దున్నే వొచ్చి కడుగుద్ది. దానివల్లే తరగతికి రాలేదని ఆమెకి ఇయ్యాల రొట్టె లేదంటన్నారు. అదేందో మీరు అడగండయ్యా."

బిషప్పు గారు సంచాలకుల వారి కేసి చూశారు. సంచాలకుల వారు మేస్టారి కేసి చూశారు. మేస్టారు కడిగిన పాదాలు కింద పెట్టలేక గాల్లో పట్టుకునే, "హాజరు చాలలేదండి" అన్నారు.

సువార్తమ్మని ముందుకి పిలిచారు. ఆమె నడవలోంచి వస్తుంటే గుడంతా తలలు తిప్పింది.

"రోజూ కడుగుతావా అమ్మా?" అన్నారు బిషప్పు గారు.

"పుండు రోజూ ఉంటదిగా అయ్యా."

ఆయన మంచివారే. తెల్లగుడ్డ కేసి చెయ్యి చాచబోయారు. ఇంతలో సంచాలకుల వారు చెవిలోకి వంగారు. ముందు వరసలో ఉన్నాను గనక నాకు వినబడింది. "అయ్యా, ఒక్కరికి సడలిస్తే పూర్వోదాహరణ ఏర్పడుతుంది. ఆ బెంచీ మీద ఇంకా ఇద్దరున్నారు. రేపు ప్రతి పల్లెలోనూ ఏదో ఒక కాలు బయలుదేరుతుంది. అప్పుడిక శిష్యత్వ సంవత్సరం నిలబడదు."

బిషప్పు గారి చెయ్యి మధ్యలో ఆగింది. ఆగి, పక్కన మడతపెట్టి ఉన్న శాలువా మీద వాలింది. ముఖ్య అతిథుల కోసం తెచ్చిన శాలువా అది. దాన్ని సువార్తమ్మ భుజాల మీద కప్పారు. చప్పట్లు మోగాయి.

సంచాలకుల వారు మైకు అందుకున్నారు. "ఈ సహోదరి నిస్వార్థ సేవ ప్రశంసనీయం. ఇటువంటి వారిని సైతం శిష్యత్వ ప్రధాన స్రవంతిలోకి తీసుకురావటమే మన ధ్యేయం. ఈమె నిమిత్తం రేపటి నుంచే అదే వేళకు ప్రత్యేక తరగతులు ఏర్పాటు చేస్తున్నాం. అవి సంతృప్తికరంగా పూర్తిచేసినచో, రాబోయే ప్రభువు బల్ల సంస్కారంలో ఈమె కూడా శిష్యురాలిగా రొట్టెకు అర్హత పొందుతుంది."

"వచ్చెయ్యమ్మా" అన్నారు బిషప్పు గారు బతిమాలుతున్నట్టు. "కొద్ది రోజులేగా. మా అందరి కోరిక."

సువార్తమ్మ బల్ల మీద తెల్లగుడ్డ కేసి ఒకసారి చూసింది. శాలువా తీసి మడిచి ఇస్సాకు ఒళ్లో పెట్టింది. ఆయన కట్టు కొంచెం వదులైంది. వంగి దాన్ని బిగించి, లేచి నిలబడింది.

"సరేనయ్యా, వొస్తా. రేపట్నుంచే వొచ్చి కూచుంటా, శిష్యురాలినవుతా. ఆ టైముకి ఈ ముసలోడి కాలు కడగాల. రేపు కడగాల, ఎల్లుండి కడగాల, మానిందాకా కడగాల. మీలో ఎవురొస్తన్నారు?"

బిషప్పు గారు పళ్లెంలో నీళ్ల కేసి చూశారు. సంచాలకుల వారు మైకు నోటికి దూరంగా జరిపారు. పేతురు మొదలుకొని పదకొండుమంది శిష్యులూ ఎవరి పాదాలు వాళ్లు చూసుకున్నారు. సువార్తమ్మ ఒక్కొక్కరి ముఖం దగ్గరా ఆగి, చివరికి నా ముఖం దగ్గర కూడా ఆగి, మళ్లీ అడిగింది.

"చెప్పండయ్యా, నీళ్లు ఎవరి కోసం కాసి పెట్టమంటారు?"